సరిహద్దు బడిలో పిల్లలకు నిబ్బరం అలవరచడం ఎలా

ఆంధ్ర సరిహద్దున, ఒడిశాలోని గజపతి జిల్లాలో, కాశీనగర్ వైపు, ఒక ఒడియా మాధ్యమం బడిలో నాలుగో తరగతి లెక్కల పీరియడ్ జరుగుతోంది. ఇంట్లో తెలుగు మాట్లాడే ఒక పిల్లవాడు నోటుబుక్కు మీద వంగి ఒకే చోట రబ్బరుతో చెరుపుతున్నాడు. ఒడియా నాలుగు అంకె పైభాగం తెరిచి ఉంచిన ఎనిమిదిలా కనిపిస్తుంది. అతడు దాన్ని ఎనిమిది అనుకుని కూడాడు, జవాబు తప్పింది, పక్కవాడు నవ్వాడు. చెరిపి చెరిపి కాగితం చిరిగింది. చిరిగిన తర్వాత పుస్తకం మూసి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు, గంట కొట్టేదాకా మళ్లీ తెరవలేదు.

ఉపాధ్యాయులకు ఈ దృశ్యం కొత్త కాదు. నిబ్బరం గురించి మనం ఎన్ని నీతికథలు చెప్పినా, పిల్లల్లో అది పెరగడమైనా తరగడమైనా జరిగేది పుస్తకం మూసిన క్షణానికీ మళ్లీ తెరిచే క్షణానికీ మధ్యనున్న వ్యవధిలోనే. ఆ వ్యవధి కొందరికి రెండు నిమిషాలు, కొందరికి రెండు రోజులు. కొందరు అసలు తిరిగి రారు. దాన్ని తగ్గించడానికి తరగతి గదిలో ఏమేమి మార్చాలో, ఏ వరుసలో మార్చాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఇందుకు ప్రత్యేకమైన పీరియడ్ గానీ, ఖర్చు గానీ అవసరం లేదు.

ముందు, పిల్లల తప్పు కానిదాన్ని పక్కకు తీయండి

ఓర్చుకోమని పిల్లలకు చెప్పే ముందు, వారు మోస్తున్న బరువులో అనవసరమైనది ఎంత ఉందో లెక్క చూడాలి. పై ఉదాహరణలోని పిల్లవాడికి కూడిక వచ్చు. రానిది ఒక అంకె ఆకారం మాత్రమే. అతడికి కావలసింది పట్టుదల గురించిన ప్రసంగం కాదు, ఒడియా అంకెలూ వాటి కింద మామూలుగా వాడే 1, 2, 3 అంకెలూ రాసిన అట్టముక్క. అది బల్ల మీద అతికిస్తే చాలు.

చదువులోనూ ఇదే పరిస్థితి. ఒడియాలో హల్లుతో కలిసిన అకారాన్ని దాదాపు ఒకారంగా పలుకుతారు. రాతలో 'ఘర' అని ఉన్నది నోట 'ఘొరొ' అవుతుంది, 'నగర' అన్నది 'నొగొరొ' అవుతుంది. తెలుగు ఇంటి పిల్ల తన చెవికి అలవాటైన పద్ధతిలో 'ఘర' అని చదవగానే తరగతి ఘొల్లుమంటుంది. ఆ పిల్ల అక్షరాన్ని సరిగానే గుర్తుపట్టింది, ఉచ్చారణ నియమం ఒక్కటే ఇంకా తెలియదు. ఈ రెండు సంగతులనూ విడదీసి ఆమెకు చెప్పకపోతే, తనకు చదువే రాదని నిశ్చయించుకుంటుంది. పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతాల్లోని బడుల్లో సవర గిరిజన పిల్లలు కూడా ఉంటారు. వారికి ఒడియా, తెలుగు రెండూ ఇంటి భాషలు కానప్పుడు ఈ బరువు రెట్టింపు అవుతుంది. ఇదే పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి (1863–1940) సవర భాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు తయారుచేసి, సవర పిల్లలకు చదువు చెప్పించారు. మన దగ్గర అంత సాధన ఉండనక్కరలేదు, కానీ తరగతిలోని పిల్లల ఇంటి భాషలో 'అర్థం కాలేదు', 'మళ్లీ చెప్పండి', 'భయపడకు' అనే మూడు మాటలైనా ఉపాధ్యాయుడికి వచ్చి ఉండాలి.

చూపు, వినికిడి కూడా ఇప్పుడే పరీక్షించండి. వెనక బల్ల మీద కూర్చుని రాయకుండా ఉండే పిల్లవాణ్ని ముందు బల్లకు మార్చి వారం రోజులు చూడండి. మొండివాడని పేరుపడ్డ పిల్లల్లో కొందరికి నల్లబల్ల కనిపించడం లేదన్న సంగతి నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.

ఒక వారం గమనించండి, రాసుకోండి

ఏ మార్పూ చేయకముందు ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని, తప్పు చేసినప్పుడు ఎవరు ఏం చేస్తున్నారో ఐదారు రోజులు రాయండి. కొందరు చెరుపుతారు, కొందరు పక్కవారిది చూసి దించుతారు, కొందరు నీళ్లకని బయటికి వెళ్తారు, కొందరు ముందుగా తామే నవ్వి తరగతిని నవ్విస్తారు. బాగా చదివే పిల్లలను మరువకండి. ఎప్పుడూ తప్పు చేయని పిల్లకు మొదటి తప్పు పెద్ద దెబ్బ అవుతుంది. ఏడో తరగతి దాకా మొదటి వరుసలో ఉండి, ఒక్క పరీక్షలో మార్కులు తగ్గగానే బడి మానేస్తానని పట్టుబట్టిన పిల్లలను మీరూ చూసే ఉంటారు. పేరు పక్కన రెండే గడులు చాలు: తప్పు జరిగాక ఏం చేశారు, మళ్లీ పని మొదలుపెట్టడానికి ఎంతసేపు పట్టింది. ఈ రెండో గడిలోని నిమిషాలే మీ కొలత.

తప్పుతో మీరు వ్యవహరించే తీరు మార్చండి

రబ్బరును కొన్ని వారాలపాటు పక్కన పెట్టించండి. తప్పయినదాన్ని ఒకే గీతతో కొట్టివేసి దాని కిందనే మళ్లీ చేయమనండి. చెరిపితే తప్పు మాయమవుతుంది, దానితో పాటు తాను ఎక్కడ దారి తప్పిందీ మాయమవుతుంది; కొట్టివేస్తే రెండు ప్రయత్నాలూ ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. పుస్తకం అందంగా ఉండదని తల్లిదండ్రులు గానీ, తనిఖీకి వచ్చినవారు గానీ అంటే, ఆ గీతలు ఎందుకున్నాయో ఓపికగా వివరించండి.

ఆ తర్వాత మాటల దగ్గరకు రండి. మన భాషలో 'నాకు రాదు' అనే మాటకు కాలపరిమితి లేదు. నిన్న రాదు, ఇవాళ రాదు, రేపూ రాదు అన్నంత విస్తారంగా ఉంటుంది. 'నాకు ఇంకా రాలేదు' అన్నప్పుడు ఇప్పటిదాకా జరిగినదే చెప్పినట్టవుతుంది, జరగబోయేదానికి చోటు మిగులుతుంది. తరగతిలో ఎవరైనా 'నాకు రాదు సార్' అన్నప్పుడు మందలించకుండా, 'ఇంకా రాలేదు, ఎక్కడిదాకా వచ్చిందో చూపించు' అని అడగండి. రెండో భాగమే ముఖ్యమైనది. ఉత్త 'ఇంకా'తో పని జరగదు. ఎక్కడిదాకా వచ్చిందో వేలు పెట్టి చూపించినప్పుడు పిల్లవాడికి తన దగ్గర కొంతైనా ఉందని తెలుస్తుంది.

మెచ్చుకోలు విషయంలోనూ జాగ్రత్త వహించండి. 1998లో మనస్తత్వ శాస్త్రవేత్తలు క్లాడియా మ్యూలర్, కెరల్ డ్వెక్ ప్రచురించిన ప్రయోగాల్లో, ఐదో తరగతి పిల్లలకు కొన్ని చిక్కుప్రశ్నలు ఇచ్చి, ఒక గుంపును తెలివైనవారని, మరొక గుంపును బాగా శ్రమించారని మెచ్చుకున్నారు. తర్వాత కఠినమైన ప్రశ్నలు ఎదురై ఓడినప్పుడు, తెలివికి మెప్పు పొందినవారిలోనే పట్టుదలా ఇష్టమూ ఎక్కువగా తగ్గాయి. అయితే దీన్ని పట్టుకుని 'కష్టపడ్డావు, భేష్' అని ప్రతివారినీ వరసగా మెచ్చుకుంటూ పోతే పిల్లలు రెండు రోజుల్లో కనిపెడతారు. అమెరికాలో సుమారు 12,000 మంది తొమ్మిదో తరగతి విద్యార్థులతో జరిపి 2019లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, తెలివి పెంచుకోగలిగినదే అని చెప్పే గంటలోపు పాఠం వల్ల వెనకబడిన పిల్లల మార్కులు పెరిగాయి గానీ, పెరుగుదల స్వల్పమే. కాబట్టి గోడ మీద సూక్తులు రాయడం కంటే, పిల్లవాడు చేసిన పనిని పేరు పెట్టి చెప్పడం మేలు: 'మొదటిసారి వేళ్ల మీద లెక్కపెట్టి తడబడ్డావు, రెండోసారి గీతలు గీసుకున్నావు, అందుకే కుదిరింది.' ఇందులో పొగడ్త తక్కువ, సమాచారం ఎక్కువ.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను మార్కులను తక్కువ నుంచి ఎక్కువకు పైకి చదివేవాణ్ని. సిగ్గుపడితే చదువుతారనేది నా లెక్క. మొదట పేరు వినిపించిన ఒక అమ్మాయి మూడు రోజులు బడికి రాలేదు. నాలుగో రోజు వాళ్ల నాయనమ్మ వెంటబెట్టుకొచ్చి, 'దీనికి ఏటయిందో అడుగు బాబూ, అన్నం తినడం నేదు' అంది. ఆ రోజు నుంచి జవాబు పత్రాలు మడిచి ఎవరివి వారి చేతికే ఇస్తున్నాను. మీరూ అలాగే ఇవ్వండి.

ఇరుక్కున్నప్పుడు ఏం చేయాలో వరుస నేర్పండి

పిల్లలు చతికిలబడడానికి పెద్ద కారణం కష్టం కాదు, ఇప్పుడేం చేయాలో తెలియకపోవడం. అందువల్ల ఒక అట్ట మీద నాలుగు పనులు రాసి గోడకు తగిలించండి: ప్రశ్న మళ్లీ చదువు, బొమ్మగానో గీతలుగానో వేసి చూడు, పక్కవారిని జవాబు కాకుండా ఒక్క ప్రశ్న అడుగు, అప్పటికీ తెగకపోతే సార్‌ను పిలువు. ఒడియాలో రాసి, కింద తెలుగులో రాయండి. సవర పిల్లలుంటే ఆ భాషలో వారి చేతే చెప్పించండి. అట్ట తగిలించినంతలో ఎవరూ దాన్ని వాడరు. ఒక లెక్కను మీరే నల్లబల్ల మీద చేస్తూ, కావాలని మధ్యలో ఆగి, అట్ట వైపు చూసి, మొదటి పని నుంచి పైకి చెప్పుకుంటూ చేసి చూపించాలి. ఇలా కనీసం ఐదారుసార్లు చేయాలి.

ఒక లెక్కను దగ్గరగా చూద్దాం. 402 నుంచి 178 తీసివేయమన్నారు. పిల్లవాడు ప్రతి వరుసలోనూ పెద్ద అంకెలోంచి చిన్నదాన్ని తీసేశాడు: ఎనిమిదిలోంచి రెండు పోతే ఆరు, ఏడులోంచి సున్నా పోతే ఏడు, నాలుగులోంచి ఒకటి పోతే మూడు. జవాబు 376. మీరు వెంటనే 'తప్పు' అనకండి. 'నీ 376కి తీసేసిన 178 మళ్లీ కలిపితే మొదటి సంఖ్య రావాలి కదా, కలిపి చూడు' అనండి. అతడికి 554 వస్తుంది. తప్పు పట్టినది ఇప్పుడు మీరు కాదు, అతడి కూడికే. ముఖంలో వచ్చే మార్పు కూడా వేరుగా ఉంటుంది. అవమానం బదులు ఆశ్చర్యం కనిపిస్తుంది.

ఇక రెండో ప్రయత్నానికి దారి చూపాలి. 'నీ దగ్గర నాలుగు వంద నోట్లూ రెండు రూపాయి బిళ్లలూ ఉన్నాయి, దుకాణంలో 178 ఇవ్వాలి, చిల్లర లేదు. ఏం చేస్తావు?' సంతకు వెళ్లి వచ్చే పిల్లవాడు ఒక వంద మార్పిస్తానంటాడు. వందకు పది పది రూపాయల నోట్లు, అందులో ఒక పదికి పది బిళ్లలు. ఇప్పుడు మూడు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు బిళ్లలు అతడి ముందున్నాయి. కాగితం ముక్కలతో ఇది చేయించండి. 224 వచ్చాక, దాన్నీ కలిపి చూసుకోమనండి. ఈసారి 402 వస్తుంది. మొత్తం పది నిమిషాలు పట్టవచ్చు. ఆ పది నిమిషాలు ఎక్కడి నుంచి తేవాలని అడిగితే, అదే రోజు ఇచ్చే పది తీసివేతల్లో ఆరు తగ్గించి తెండి అంటాను.

పని ఎంత కష్టంగా ఉండాలన్నది మీ అంచనా మీద ఆధారపడుతుంది. ఒకే పాఠంలో అందరికీ వచ్చినది కొంత, ఒక చిన్న సూచనతో అందేది ఎక్కువ, తలపట్టుకోవలసింది ఒకటి ఉండాలి. ఆ చివరిదాన్ని 'ఇది ఇవాళ ఎవరికీ పూర్తికాకపోవచ్చు' అని ముందే చెప్పి ఇవ్వండి.

ఏడుపు, కోపం, నవ్వు

ఏడుస్తున్న పిల్లకు ఆ క్షణంలో లెక్క చెప్పకండి, ఏమీ ఎక్కదు. 'ఏడవకు' అనడం కూడా అనవసరం. 'సిగ్గుగా ఉందా, కోపంగా ఉందా' అని మెల్లగా అడగండి. కలిగినదానికి పేరు దొరికితే పిల్లలు కొంత సర్దుకుంటారు. బోరింగు దాకా వెళ్లి ముఖం కడుక్కుని రమ్మనండి. పంపేటప్పుడే తిరిగి వచ్చి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పండి: 'వచ్చాక మూడో లెక్కలో మొదటి వరుస ఒక్కటే చెయ్యి.' తిరిగి వచ్చే దారి చెప్పకుండా బయటికి పంపితే అది తప్పించుకునే దారిగా మారుతుంది, కొద్ది రోజుల్లో బోరింగు దగ్గర నలుగురు పోగవుతారు.

ఇతరుల నవ్వును మాత్రం మొదటి రోజు నుంచే ఆపాలి. పక్కవాడి తప్పుకు నవ్వినవారిని నిలబెట్టి తిట్టడం వల్ల నవ్వు రహస్యంగా సాగుతుంది, అంతే. దానికంటే, పైకి చదవవలసిన పేరాను తడబడే పిల్లలకు ముందురోజే ఇచ్చి ఇంట్లో చదువుకు రమ్మనడం మంచిది. మీరు తెలుగువారై ఉండి మీ ఒడియాలో తెలుగు యాస ఉంటే, ఒడియా పిల్లలను మిమ్మల్ని సరిదిద్దమని అడగండి. నేను 'జల' అని చదివినప్పుడు ఒక మూడో తరగతి పిల్ల లేచి 'జొళొ సార్' అంది. నేను మళ్లీ పలికాను, మళ్లీ తప్పింది, మూడోసారికి ఆమె తల ఊపింది. ఆ మూడు ప్రయత్నాలనూ తరగతి ఊపిరి బిగబట్టి చూసింది.

ఒక పెద్ద మనిషి

హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను మనస్తత్వ శాస్త్రవేత్త ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాలపాటు గమనించింది. పేదరికం, ఇంటి కలహాలు, తల్లిదండ్రుల అనారోగ్యం వంటివి కలిసి మీదపడిన పిల్లల్లో దాదాపు మూడోవంతు మంది నిలదొక్కుకుని పెద్దవారయ్యారు. వారి జీవితాల్లో తరచుగా కనిపించినది తమను వదలని ఒక పెద్ద మనిషి. అది తాత కావచ్చు, పొరుగావిడ కావచ్చు, ఉపాధ్యాయుడు కావచ్చు. మన ప్రాంతంలో తల్లిదండ్రులు పనికి వేరే ఊళ్లకు వలస వెళ్లి, పిల్లలు ముసలివారి దగ్గర ఉండిపోయే ఇళ్లు చాలా ఉన్నాయి. కాబట్టి బడిలోని ఉపాధ్యాయులు పిల్లలను పంచుకోండి; ఒక్కొక్కరు ఐదారుగురిని తీసుకుని, మధ్యాహ్న భోజనం వేళ పక్కన కూర్చుని రోజూ రెండు నిమిషాలు చదువు కాని మాట మాట్లాడండి. రెండు రోజులు రాని పిల్లవాడికి, రాగానే 'ఎందుకు రాలేదు' అనే ముందు 'నువ్వు లేవని చూశాను' అనండి.

ఇంటివారితోనూ మాట్లాడాలి. 'మావోడు మొద్దు సార్' అని పిల్లవాడి ఎదుటే అనే తండ్రికి ఉపన్యాసం ఇవ్వకండి. 'సంతలో వాళ్ల నాయనమ్మకు ఒడియాలో బేరం ఆడి పెట్టేది ఎవరు?' అని అడగండి. సరిహద్దు పిల్లలు చిన్నప్పటి నుంచే దుబాసీలు. దుకాణదారుడు వేగంగా చెప్పినది అందకపోతే మళ్లీ అడగడం, మాట దొరకకపోతే వేలితో చూపించడం, పొరపాటు పడితే నవ్వేసి సరిచేసుకోవడం వాళ్లకు అక్కడ అలవాటే. అదే పిల్లవాడు తరగతిలో నోరు విప్పడు. సంతలో ఎలా చేశాడో ఒకసారి తరగతికి చెప్పించి, ఇక్కడ ఇరుక్కున్నప్పుడు దాన్ని గుర్తుచేయండి.

తుపాను తర్వాత

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి, గంజాం, రాయగడ జిల్లాలను ముంచెత్తింది, కొండచరియలు విరిగిపడ్డాయి. అలాంటి విపత్తు తర్వాత బడి తెరిచినప్పుడు పాఠాలు కాదు, దినచర్య ముఖ్యం: అదే వేళకు గంట, అదే ప్రార్థన, అదే చోటు. జరిగినదాన్ని చెప్పమని బలవంతం చేయకండి. చెప్పేవారిని చెప్పనివ్వండి, బొమ్మలు వేసేవారిని వేయనివ్వండి. పెద్దగాలి శబ్దానికి పిల్లలు బెదరడం కొన్నాళ్లు సహజమే. చిన్న చిన్న బాధ్యతలు ఇవ్వండి. తడిసిన పుస్తకాలు ఎండబెట్టడం, చిన్న తరగతుల వారిని ఇంటికి దిగబెట్టడం వంటివి మాటల కంటే త్వరగా తేరుకోనిస్తాయి.

ఓర్చుకోమని చెప్పకూడనివి

కొన్నింటిని తట్టుకోవడం నేర్పకూడదు, ఆపించాలి. దెబ్బలు, కులం పేరుతో గానీ భాష పేరుతో గానీ వెక్కిరింతలు, ఆకలి, ఇంట్లో హింస ఈ కోవలోవి. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ బడిలో శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. రెండు మూడు వారాలు దాటినా పిల్లవాడు తినక, నిద్రపోక, ఎవరితోనూ కలవక ఉంటే, లేదా చచ్చిపోతానన్న మాట ఒక్కసారి అన్నా, అది తరగతి గది పని కాదు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098కు, మానసిక సహాయం కోసం టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఇంటివారికి నంబర్లు ఇచ్చి ఊరుకోకుండా, వారి ఎదుటే మీరు ఫోన్ చేయండి.

మూడు నెలల తర్వాత మొదటి వారం నోటుబుక్కు తీసి, మళ్లీ ఒక వారం అవే రెండు గడులు నింపండి. అందరికీ తగ్గదు, కొందరికి పెరిగి కూడా ఉండవచ్చు, అప్పుడు వారి ఇంట్లో ఏమైనా మారిందేమో కనుక్కోండి. నేను మొదట చెప్పిన పిల్లవాడి పేరు పక్కన మొదటి వారం 'గంట కొట్టేదాకా' అని ఉంది, మూడు నెలలకు 'నాలుగు నిమిషాలు' అని ఉంది. ఒడియా నాలుగు దగ్గర అతడు ఇప్పటికీ ఒక క్షణం ఆగుతాడు. బల్ల మీది అట్టముక్క వైపు చూసి, అంకె పక్కన పెన్సిలుతో సన్నగా 4 అని రాసుకుని కూడిక మొదలుపెడతాడు.